నిండు బండి

ఆర్. ఉదయగిరి ఘాటీలో మూడో మలుపు దగ్గర
మా బండి నీరసించిపోతుంది.
కాలు నేలకంటా నొక్కుతాను,
ముల్లు పదిహేను వందల దగ్గర
అలిగిన చంటిదానిలా కూర్చుంటుంది.
వెనక హారను.
జీడిపిక్కల లారీ,
లారీ అండీ, నన్ను దాటిపోతుంది.

"గేరెప్పుడు మార్చాలో నీకు తెలీదు" అన్నారు ఈయన.
"ఆడవాళ్ల కాలికి అంత బలం ఎక్కడిది" అన్నారు బావగారు.
అత్త ఏమీ అనలేదు.
ఒళ్లో ఉన్న పనసకాయని
ఇంకాస్త దగ్గరికి లాక్కుంది,
తప్పు దానిదేమో అన్నట్టు.

మూడు వారాలు తిరిగాం.
డీజిల్ ఫిల్టరు విప్పితే అడుగున రెండు చెంచాల నీళ్లు.
"ఇదే, ఇదే" అన్నారంతా.
కాదు.
గాలి ఫిల్టరు దులిపితే పర్లాకిమిడి ఎర్రమట్టి,
మధ్యలో రెక్కలు చెదరని ఎండు తూనీగ.
అదీ కాదు.
బరంపురం షోరూములో తెల్లచొక్కా కుర్రాడు
కంప్యూటరు తీగ తగిలించి చూసి
"కిచ్ఛి నాహి మేడమ్" అన్నాడు.
ఏమీ లేదన్న ఆ ఒక్క ముక్కకి
పదకొండు వందలు.

చివరికి కూర్మారావు.
మహేంద్రతనయ వంతెన దిగగానే రేకుల షెడ్డు.
ఎడమ చెవి ఎప్పుడో పోయింది.
స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద, పిడి కుడిచెవిలో,
పక్కింటి తగువు గోడకానుకుని వినేవాడిలా
కళ్లు మూసుకుని వింటాడు.
బండిని ఊరంతా తిప్పి తెచ్చాడు.
"గుర్రంనాగ ఎల్తంది. మరేటి?"

"నేనొక్కదాన్నీ బడికెళ్లినప్పుడు బాగానే ఉంటుంది.
అందరం ఎక్కితేనే."

చేతులు తుడుచుకుంటున్న గుడ్డ ఆగింది.
ఈ మూడు వారాల్లో
నా మాటకి ఆగిన మొదటి గుడ్డ అది.

"ఖాళీ బండి నిజం సెప్పదమ్మా.
ఇంటిల్లిపాదినీ ఎక్కించుకు రా.
ఆ పనసకాయతో సహా."

ఆదివారం పొద్దున్నే ఎక్కాం.
కుడిచెవి కిటికీ వైపు ఉండాలని
అతను నా వెనక సీట్లో కూర్చున్నాడు.
డిక్కీలో అతని దగ్గర పనిచేసే లిమ్మా గొమాంగో,
మోకాళ్ల మధ్య పానాల సంచి.
"మలుపొస్తే ఎవులూ మాటాడొద్దు" అన్నాడు.
మా ఇంటిమంది ఒక్కసారిగా నోరు మూయడం
నా పెళ్లయ్యాక అదే మొదలు.

రెండో మలుపు.
మూడో గేరు.
తల కిటికీలోంచి బయటపెట్టాడు కూర్మారావు.
అప్పుడు విన్నాను నేనూ,
ఎసరు పొంగే ముందు మూత కింద వచ్చే చప్పుడు,
స్స్స్ అని.
"ఆపు."

లిమ్మా సన్నటి చెయ్యి లోపలికి దూరింది,
మోచెయ్యి దాకా, భుజం దాకా.
టర్బో నుంచి వచ్చే లావు రబ్బరు గొట్టం,
క్లిప్పు కింద గోరంత చీలిక,
దాని చుట్టూ నల్లని నూనె చెమట.
బరువు లేనప్పుడు పెదవులు కలిపే ఉంటుందట.
ఎత్తు ఎక్కమంటే తెరుచుకుని
ఇంజనుకి అందాల్సిన ఊపిరంతా
దారిలోనే వదిలేస్తుందట.

"అంటే ఆవిడ డ్రైవింగు..." అని మొదలెట్టారు బావగారు.
కూర్మారావుకి వినబడలేదు.
అటువైపుది ఎడమ చెవి.

సైకిల్ ట్యూబు ముక్క చుట్టి
రెండు క్లిప్పులు బిగించాడు.
"ఇది ఇంటిదాకానే. సరైనది ఇశాపట్నం నుంచి
బుధవారం బస్సులో వస్తాది."
నూట ఎనభై తీసుకున్నాడు,
టీకి విడిగా ఇరవై.

స్టార్టు చేశాను.
ముల్లు రెండువేలు దాటుతుంటే
ఎవరో వీపు మీద అరచెయ్యి వేసి తోసినట్టయింది.
పనసకాయ అత్త ఒళ్లోంచి జారి
బావగారి కాలి మీద పడింది.

ఘాటీ పైన అందరూ దిగి
జీడితోటలో ఫోటోలు దిగుతున్నారు.
అత్త దిగలేదు.
చాలాసేపు అద్దంలోంచి బయటికి చూసి,
"కిందకి పోయి
ఇంకోసారి ఎక్కించమ్మీ" అంది.