ఎనిమిదో కోటు

మేం పోలీసులం కాదు. ఊరికే నడుస్తాం.
శుక్రవారం రాత్రి, చేపల గోదాము నుంచి ఈతకొలను దాకా,
మళ్ళీ వెనక్కి.
పసుపు కోట్లు ఏడు, ఫ్లాస్కు ఒకటి.

ఐస్‌లాండులో జనవరి పగలంటే
కన్ను మూసి తెరిచినంత.
చీకటికి మా పిల్లలు తెలుసు, పేరు పేరునా.
మాకే తెలియలేదు చాన్నాళ్ళు.

ఈ వారం ఎనిమిదో కోటు అడిగాడు స్టేన్‌గ్రిముర్.
ఎవరూ పలకలేదు.
వాడి షెడ్డులో కాచిన సారా తాగే
రాగ్నా కొడుకు మంచులో పడి నిద్రపోయాడు ఆ ఏడు.
బతికాడు. రెండు వేళ్ళు పోయాయి.

రాగ్నా ఫ్లాస్కు విప్పింది.
మూతలో కాఫీ పోసి
వాడి చేతికివ్వలేదు, పిట్టగోడ మీద పెట్టింది.
వాడు తీసుకున్నాడు.

"పడవల వెనక చూడరు మీరు," అన్నాడు కాసేపటికి.
"నా దగ్గర కొన్నవాళ్ళంతా అక్కడికే పోయేవాళ్ళు."

పడవల వెనక ముగ్గురు, పదిహేనేళ్ళవాళ్ళు.
సీసా దాచబోయారు.
స్టేన్‌గ్రిముర్ సీసా మాట ఎత్తలేదు.
చలేస్తోందా అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు పదకొండుమందిమి,
గుమ్మానికొకరు తగ్గుతూ.
నా గుమ్మంలోంచి చూశాను:
అతనూ రాగ్నా మిగిలారు,
మధ్యన ఒక పిల్లాడు పట్టేంత ఖాళీ.