వినబడలేదు అని రాయాలి

కాలి కింద పెడల్. ముందుకు, ఆపు, వెనక్కి.
చెవులకు హెడ్‌ఫోన్లు.
డులూత్‌లో మా వంటింటి బల్ల మీద
ఈ వారం మూడో మాజీ సైనికుడు.

మాకిచ్చిన నిబంధనల పుస్తకం పలచన.
ఏడో పేజీలో ఉంటుంది:
మాట అందకపోతే, వినబడలేదు అని రాయాలి.
మౌనానికి ఏం రాయాలో ఎక్కడా లేదు.

పేరు చెప్పండి, అన్నారు జడ్జిగారు
వెయ్యి మైళ్ళ అవతల, వీడియోలోంచి.
ఏంటండీ?
మీ పేరు.
ఏంటండీ?
పక్కనుంచి ఆడగొంతు, గట్టిగా:
నీ పేరడుగుతున్నారు, వెర్లిన్.
వెర్లిన్ హాగ్‌స్టాడ్. ఫిరంగి దళం. డెబ్బై ఆరేళ్ళు.
టైపు చేశాను. రెండు ఏంటండీలూ వదల్లేదు.

చెవుల్లో పెట్టుకోవడానికి ఏమైనా ఇచ్చేవారా అప్పట్లో?
సిగరెట్ ఫిల్టర్లు తుంచి కుక్కుకునేవాళ్ళం.
నాకు తాగే అలవాటు లేదు,
అయినా వారానికి రెండు పెట్టెలు కొన్నా.

ఆ మోత ఎలా ఉంటుందంటే
కీచురాళ్ళు, అన్నాడు పెద్దాయన.
అరవై తొమ్మిదిలో దూరాయి,
చెవిలో ఇల్లు కట్టుకుని ఉండిపోయాయి.
మా ఊళ్ళో జనవరిలో సరస్సు మీద లారీలు నడుస్తాయి మేడమ్,
ఆ చలిలో ఏ కీచురాయీ బతకదని నాకూ తెలుసు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఒక బాధ.
శంఖం లోపలే ఉండిపోతే
ఊదేవాడు ఊపిరి తీసుకోవడమే మానేస్తే
దానికి ఇంకో సామెత కావాలి.

పాత తిరస్కరణ చదివారు, రికార్డు కోసం:
సైన్యం వదిలాక ఇరవై రెండేళ్ళు ఇనుపగనిలో చేశాడు గనక
మోత గనిది అయ్యుండొచ్చు.
విడుదలనాటి పరీక్షలో చెవులు మామూలు.

ఆ పరీక్ష ఎలా చేశారు?
వెనక నిలబడి గుసగుసగా అంకెలు చదివారు.
వినిపించాయా మీకు?
ఇంటికెళ్ళే బస్సు స్టార్టు చేసి ఉంది బయట.
లైన్లో అందరం వినిపించాయనే అన్నాం.

అప్పుడు ఆర్డిస్ చేత ప్రమాణం చేయించారు.
మా మంచం పక్కన రేడియో ఉంటుందండీ.
రెండు స్టేషన్ల మధ్య పెడతాడు, ఉత్త గరగర వచ్చేచోట.
అందులో కీచురాళ్ళు కాస్త మునుగుతాయట.
నలభై ఏడేళ్ళు ఆ గరగరలోనే పడుకున్నా.
ఇప్పుడు మా చెల్లెలింటికి వెళ్తే
నాకే నిద్ర పట్టదు.

ఇంకేమైనా చెప్పదలచుకున్నారా, హాగ్‌స్టాడ్ గారూ?

పెడల్ వెనక్కి. మళ్ళీ వెనక్కి. శబ్దం పెంచాను.
కుర్చీ కిర్రు. ఎవరిదో కోటు జిప్పు.
పందొమ్మిది సెకన్లు.
ప్రశ్న అందలేదా,
అంది, మాట రాలేదా?
వినబడలేదు అని కొడితే
ఎవరి చెవుల గురించి రాసినట్టు?
సాక్షి మౌనం, అని కొట్టాను.
తప్పయితే జీతంలో కోసుకోండి.

తీర్పులు మాకు పంపరు.
పేర్లు కొట్టేసి ఎక్కడో పెడతారు, ఓపికుంటే వెతుక్కోవాలి.
ఐదు నెలలకు దొరికింది.
పేరు లేదు. రేడియో ఉంది.
భార్య వాంగ్మూలం నమ్మదగినది.
గనీ ఫిరంగీ చెరో పళ్ళెంలో సమంగా తూగుతున్నాయి,
అలా తూగినప్పుడు ముల్లు సైనికుడి వైపు వాలాలి.
చెవిమోతకు పది శాతం. చట్టంలో అంతే ఉంది.
నడుంనొప్పి మాత్రం మళ్ళీ కిందికి పంపారు,
ఇంకో డాక్టరు చూడాలట.

పది శాతమంటే నెలకెంతో
లెక్క కట్టబోయి మానేశాను.

ఆ రాత్రి నా పాత రేడియో దుమ్ము దులిపి
రెండు స్టేషన్ల మధ్య ఆపాను.
గరగర.
బల్ల కింద పెడల్ లేదు, పొద్దున్నే తీసి సర్దేశాను.
పాదం మాత్రం నొక్కుతూనే ఉంది,
వెనక్కి.