ఎడమకాలు

సాయంత్రం ఆరుంబావుకి
చండూరుల అండాలు వాళ్లింట్ల మగ్గం ఆగేది.
వాళ్ల నాయిన బీడీ ముట్టించుకోను బయటికి పోంగనే
మగ్గం గుంతలకి కాళ్లు జారేసుకొని
మేం ఐదుగురం టీవీ ముందట.

తెర మీద ఐదు బండ్లు, ఐదుగురు పోరగాండ్లు.
కొండ చీలుతది.
ఎడమదిక్కు నుంచి ఒక బండ దొర్లి పడతది.
ఇనుము ఇనుమును దేవులాడుకుంట పోయి
కటక్కున కూసుంటది.
మొగులంత మనిషి లేస్తడు.
సరిగ్గ లేసేటాళ్లకే కరెంటు పోతది.

బొమ్మలు జపానోళ్లయి, మాటలు హిందీ.
మాకు సగం గూడ సమజయ్యేది కాదు.
ఖాజా చెప్పేటోడు, వాడు చెప్పిందే కథ.
కరెంటు పోయినంక గూడ ఆపకపోయేది,
చీకట్ల, మాడిపోయిన తెర దిక్కే చూసుకుంట.

తల అండాలు, టీవీ వాళ్లది గనక.
చేతులు నేను, లింగస్వామి.
కుడికాలు ఖాజా.
ఎడమకాలు సైదులు.

సైదులు కాళ్లు ఎట్లుంటయో
మా బోరునీళ్లను అడగాలె.
మోకాళ్లు రెండు లోపటికి తిరిగి
ఒకదానితోని ఒకటి ముచ్చట పెడుతున్నట్టుండేయి.
"వానికి కాలెందుకిస్తర్రా" అన్నడు లింగస్వామి.
ఖాజా వాని దిక్కు గూడ చూడలె.
"ఎడమకాలు నడిపేటోని లోకంల నీళ్లు చెడిపోయినయి.
ఆ నీళ్లే తాగి తాగి వాని బొక్కలు ఇనుమైనయి.
అందుకే ఆ బండి వాని మాటే ఇంటది.
వాడు అడుగేస్తెనే మిగిలినోళ్లు కదిలేది."
శత్రురాజు చెల్లె వానికి జాబు రాసిందట.
ఆ జాబుల ఏముందో వారం వారం
కొంచెం కొంచెం చెప్పేటోడు.

పద్నాలుగో వారం బొమ్మ రాలె.
కేబులాయన్ని అడిగితే
"పైనుంచే బందయింది" అన్నడు.
పై అంటే ఏడనో ఎవ్వరం అడగలె.

ఇరవై రెండేండ్లకు, మర్రిగూడ సబ్‌స్టేషన్ల,
గంట గంటకు లాగ్‌బుక్కుల ఆంప్స్ రాసుకుంట
ఫోన్ల దొరకవట్టి చూసిన,
ముప్పై తొమ్మిది భాగాలు, పదకొండు డ్యూటీలు.

ప్రతి వారం అదే బండ.
అదే ఎడమదిక్కు. అదే ఉరుము.
పైసలు మిగిలియ్యనీకె ఒక్క రీలే తిప్పిండ్రు.
రాజు చెల్లె ఒక్కసారి కిటికీల నిలవడి
మళ్ల రాలె, ఏమైందని ఎవడూ అడగలె.
ఎడమకాలు నడిపేటోడు
మొత్తం కథల అన్న మాట ఒక్కటి:
"తయార్."
వానికి ఊరు లేదు, నీళ్లు లేవు, జాబు రాలె.
ఆఖరికి అందరి తల్లులు ఉరికొచ్చి పట్టుకుంటుంటే
వాడు తెర అంచుకు సగం తెగి నిలవడ్డడు.

ఎంత కథ ఉండె అండ్ల!
ఐదుగురు ఒక్క ఒంట్ల ఉన్నరు గద,
చెయ్యి తెగితే కాలికి తెల్వదా?
తల భయపడితే మోకాళ్లు వణకవా?
విడిపోయి ఎవరింటికి వాళ్లు పోయిన రాత్రి
ఏ ఒక్కనికన్న
తనది కాని నొప్పి లేసి ఉండదా?
రాసినోడు తలుపు దాకా వచ్చి
తియ్యకుంటనే పోయిండు.

ఖాజాను అడుగుదామనుకున్న,
అదంత ముందే అల్లుకొని వచ్చేటోనివా,
ఆడికాడికే పుట్టేదా అని.
వాడు బోరుబండి మీద ఒడిశా దిక్కున్నడు,
సిగ్నల్ దొరకది.
అండాలు చౌటుప్పల్ల మందుల కంపెనీ,
షిఫ్టుల ఫోను లోపటికి రానియ్యరు.
లింగస్వామితోని నాకు మాటల్లేవు,
అది గెట్టు పంచాయితి, వేరే కథ.

సైదులుకు చేసిన.
మా ఊరి బస్టాండు కాడనే జిరాక్సు దుకాణం,
స్టూలు మీద కూసోని చేసే పని.
ఎన్కకు మిషిన్ చప్పుడు, కాయితం మీద కాయితం.
"ఎడమకాలు తయారేనా?" అన్న.
ఏం పలకలె.
మరిచిండనుకొని, వేరే ముచ్చట తీద్దునా అనుకుంటుంటే
నా పక్కన ప్యానెల్ల టక్కుమన్నది,
ఊరి ఫీడరు ట్రిప్పయింది.
అటు మిషిన్ చప్పుడు ఆగింది,
ఎవరో "కరెంటోళ్లను తగలెయ్య" అని తిట్టిండ్రు.
నేను లేస్తున్న, హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యబోతున్న.

చీకట్ల నుంచి వాని గొంతు,
మెల్లగ:
"ఆగురా.
ఇంక బండ పడలె."