దేముడమ్మ గంపలు

ఫిషింగ్ హార్బరు. తెల్లవారుజామున నాలుగున్నర.
జెట్టీ మీద ఐసు పొడి, డీజిలు వాసన.
నా ఒళ్ళో కొలత చెక్క, తడిసి ఉబ్బిన నోటుబుక్కు.
కానాగంతలు: ముక్కు కొస నుంచి తోక చీలిక దాకా
పదిహేడున్నర, పద్ధెనిమిది, ఇరవై ఒకటి...
ఆరువందల పన్నెండో చేపకి
డాల్ఫిన్ నోస్ మీద దీపం ఆరిపోయింది.

మధ్యాహ్నం ఆఫీసులో వాటిని గళ్ళలో పోశాను.
రెండేసి సెంటీమీటర్లకొక గడి,
అడక్కుండానే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కొలత.
తెర మీద లేచింది
భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలాంటిది,
నున్నగా, నాతో ఏమీ చెప్పకుండా.

మర్నాడు కొలత చెక్క పక్కన పెట్టి
దేముడమ్మ దగ్గర గొంతుక్కూచున్నాను.
చేప అరచేతిలో పడీ పడకముందే
ఏ గంపదో ఆవిడకి తెలుసు.
"ఇయ్యి ఎండబెట్టడానికి. ఇయ్యి వీధిలోకి.
ఆ పెద్ద గంప హోటేలోడికి, ఆడికి అన్నీ ఒకటే."
మరి ఈ బుల్లి తట్ట?
"ఈ సైజు ఎప్పుడూ తక్కువే పడతాది పాపా,
ఇంటికి ఒగ్గేసుకుంతాను."
అటూ ఇటూ కానిదో?
"గట్టు మీదున్న సేప పెద్ద గంపకే పోద్ది,
అదేటి అడుగుతావు!"

అంచు మీది అంకె పై గడికే చెందుతుందని
నేను మాన్యువల్‌లో
రెండుసార్లు చదివి అండర్‌లైన్ చేసుకున్న మాట.

ఆ సాయంత్రం సమానపు గళ్ళు చెరిపేసి
అంచులు నేనే కొట్టాను:
పన్నెండు, పదహారు, పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఆరు.
మళ్ళీ నింపాను.
హోటలు గడి ఒళ్ళు విరుచుకుని గొప్పలు పోయింది.
దాని వెడల్పుతో దాన్ని భాగిస్తే
కుదురుగా కూచుంది.
అప్పుడు కనిపించింది దిబ్బ నడుమ నొక్కు,
సరిగ్గా ఇంటి తట్ట దగ్గర.
ఇటు ఈ ఏటి పిల్లలు, అటు నిరుటివి.
దేముడమ్మ కూర వండుకునేది
రెండు తరాల మధ్య సందులోంచి.

ఇక పడుకుందామనుకుంటూ
ఊరికే మొత్తం అడిగాను.
ఆరువందల పన్నెండు.
గళ్ళన్నీ కూడితే ఐదువందల అరవై తొమ్మిది.

మిగిలిన నలభై మూడూ సున్నా గడిలో ఉన్నాయి,
మొదటి అంచుకి ఇవతల, బొమ్మలో గీయని చోట.
సన్నకన్ను వలలో పడ్డ వేలెడంత పిల్లలు.
నిన్న దేముడమ్మ వాటిని ఏ గంపలోనూ వెయ్యలేదు,
కాలితో పక్కకి తోసింది.
చెవి తెగిన పిల్లి ఒకటి వచ్చింది.

రిపోర్టులో బొమ్మకి ఎడం పక్క
తెల్ల కాగితం రెండంగుళాలుంది.
పెన్సిలు చెక్కుకుంటున్నాను.