ఎడమ వెనక చక్రం

పెళ్లి లేని రాత్రుల్లో
మా ప్లిమతు కారు చెప్పులు విప్పి పడుకునేది.
గౌలిగూడ సందులో అది బయట,
దాని వీల్ కప్పులు నాలుగూ
బాపు మంచం కింద, గోనెసంచి మీద బోర్లా.

ఒక్కో కప్పు నడుమ ఒక తెరచాప ఓడ.
సముద్రం చూడని ఇంట్లో నాలుగు ఓడలు.
బూడిద వద్దు, గీతలు పడతయి అనేవాడు బాపు.
పాత పంచె పేలిక, చెంచాడు కిరసనాయిలు,
మిగిలిందంతా నా మోచెయ్యి.
తుడిచినకొద్దీ నా ముక్కు ముందుకొచ్చి
చెవులు వెనక్కి పోయి
అర్రంతా వంగి నా మీద వాలేది.

ఆషాఢానికి ముందు చివరి లగ్గం.
చాదర్‌ఘాట్ కాజ్‌వే మీద బరాత్.
బాకాలు లేచిన వేళకే ఊడింది
ఎడమ వెనక కప్పు.
కాసేపు అదీ బరాత్‌లో నడిచింది,
క్లారినెట్టాయన కాళ్ల సందులోంచి దూరి
అంచు దాకా పోయి, ఆలోచించినట్టు ఊగి
మూసీలోకి దిగింది.
ఎన్నాళ్లకు నీళ్లు చూసిందో ఓడ,
అవీ నీళ్లంటే!

పుత్లీబౌలి తుక్కు దుకాణాల్లో వారం తిరిగాం.
అంబాసిడర్‌వి బుట్టలకొద్దీ, ఫియట్‌వి తూకానికి.
"ప్లిమతా? అరె బాలకిషన్ భాయ్,
ఆ కంపెనీకే దొరకదు" అని
చాయ్ తాగించి పంపాడు షర్ఫుద్దీన్.

ఇంటికొచ్చి బాపు వంటింటి గూడు వైపు చూశాడు.
అమ్మ ఏమీ అనలేదు.
కొలత దారం ఆయన చేతిలోంచి లాక్కుని
తనే ఒక పళ్లెం దించి చుట్టి చూసింది.
స్టీలుది, దళసరిది.
షర్ఫుద్దీన్ అంచు కొట్టి క్లిప్పులు బిగించాడు.

పది అడుగుల దూరంనుంచి అది ప్లిమతే.
వంగి చూస్తేనే చుక్కలు చుక్కలుగా
చి.ల.సౌ. అండాళుకు
మేనమామ పెట్టినది, 14-5-71.

అప్పట్నుంచి బాపు నోట కొత్త శాస్త్రం:
"పెండ్లిపిలగాడు కుడి తలుపు నుంచే ఎక్కాలె,
పాత కార్లకు అదే శుభం."
పంతుళ్లు తలూపారు.
ఫోటోగ్రాఫర్లు కుడివైపే నిలబడ్డారు.
సుల్తాన్‌బజార్ డాడ్జి వాళ్లు కూడా
అదే చెప్తున్నారని తర్వాత తెలిసింది.

ఎడమవైపు నేను నడిచేవాణ్ణి,
లైట్లు మోసే ఆడవాళ్ల పక్కన.
బరాత్ బండికి తొందరేముంది?
అక్షరాలు చెదిరేవి కావు.
అమ్మ పేరు మెల్లగా తలకిందులై
నిటారుగా లేచి
ఎవరివో టపాకాయల వెలుగులో
మళ్లీ తలకిందులయ్యేది.

అర్ధరాత్రి కప్పులు విప్పుకొస్తే
తలుపు తీస్తూ అడిగేది:
"ఇయ్యాల యాడిదాకా పోయొచ్చిన నేను?"
"మలక్‌పేట" అనేవాడు బాపు,
మూడు ఓడల పక్కన
పళ్లెం బోర్లిస్తూ.