రూతు కాదు సార్

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు.
కోట గోడ మీంచి వడగాలి వచ్చి
బోర్డు కింద సుద్దపొడి లేపుతోంది.
నాకు నోటికొచ్చిన పాఠం:

వియన్నాలో ఒక యూదు వైద్యుడు
మనిషి లోపల మనిషికే తెలియని గది ఉందన్నాడు.
తన శాస్త్రాన్ని ‘యూదుల యవ్వారం’ అనేస్తారేమోనని
తనవాడు కాని శిష్యుణ్ణి తెచ్చి పీట మీద కూచోబెట్టాడు.
తర్వాత జర్మనీలో జెండాలు మారాయి.
ఆ శిష్యుడే, గొంతు పెంచకుండా, పండితుడి భాషలో
ఆర్యుడి అచేతనం వేరు, యూదుడి అచేతనం వేరు
అని రాశాడు.

చూశారా, అన్నాను,
లోకానికంతా దీపం పట్టినవాళ్ళు
తమ నీడ ఎటు పడుతోందో చూసుకోలేదు.
నా గొంతు వణికింది.
(నిజంగానే వణికింది. అది చెప్పుకోవడం నాకిష్టం.)

ఆ ఊపులోనే చివరి బెంచీకేసి చెయ్యి చాపి
“రూతూ, నోరు జారడం గురించి ఆయనేమన్నాడు?”

ఆ పిల్ల లేచింది.
“నాను రూతుని కాదు సార్, ఎస్తేరుని.
రూతు ఈవేళ రానేదు, జొరం.
నోరు ఊరికే జారదన్నాడు సార్.
లోపలేదో ఉంటాదన్నాడు.”
కూర్చుంది. ఎత్తిపొడుపేం లేదు.
జవాబు సరైనదే, ఐదుకి ఐదు మార్కులు.

ఏడాదిన్నరగా ఇదే.
రూతు పొడుగు, కళ్ళజోడు, చీపురుపల్లి.
ఎస్తేరు పొట్టి, గరివిడి అవతల ఏదో ఊరు.
ఇద్దరికీ కలిసేది ఒక్క హాస్టలు.
పేర్లు నిలవవమ్మా నాకు, అని నవ్వేసేవాణ్ణి.
నిలవకపోవడమేం!
ముందు బెంచీ కుర్రాడి పేరు, ఇంటిపేరు,
వాళ్ళ నాన్నకి జూట్ మిల్లులో ఉద్యోగం,
వాళ్ళక్క పెళ్ళిలో తిన్న పనసపొట్టు కూర
ఆవఘాటుతో సహా నిలిచాయి.

మూడు లాంతర్ల దగ్గర స్కూటరాపి
టీ తాగుతుంటే తట్టింది.
ఎస్తేరు, రూతు:
ఆ వైద్యుడి జాతి ఆడవాళ్ళ పేర్లవి.
ఎన్ని సముద్రాలు దాటొచ్చాయో,
మా ఊళ్ళ చివర రెండు జడలేసుకుని తిరుగుతున్నాయి.
చూడండి, ‘చివర’ అనే వచ్చింది నోటికి.
టీ మీద మీగడ కట్టింది.

మర్నాడు కంటోన్మెంటు నుంచి కాలేజీ దాకా
ఎస్తేరు, ఎస్తేరు అని జపం చేస్తూ వెళ్ళాను.
క్లాసు గుమ్మంలోనే ఎదురైంది.
“ఏమ్మా ఎస్తేరూ!” అన్నాను
గట్టిగా, నలుగురూ వినేట్టు.

ఓణీ అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటూ
జ్వరం తగ్గిన మొహంతో
రూతు నిలబడి ఉంది.