అనుకుందాం

రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు.
బెజవాడ ఆటోనగర్ మూడో క్రాస్ రోడ్డులో
మా కొలిమి మాత్రం
పొడిని రాయి చేస్తుంది.

అల్యూమినా. ముగ్గుపిండి కన్నా మెత్తన,
ముట్టుకుంటే వేలి గీతల్లో దాక్కుంటుంది.
అచ్చులో పోసి నొక్కితే పచ్చి బిళ్ళ,
గోరు తగిలితే రాలేది,
దాదాపు సగం గాలే.

పదహారు వందల డిగ్రీలు.
అయినా కరగదు. కరిగితే మా పని చెడినట్టే.
రేణువు రేణువుని ఆనిన చోట
సన్నటి మెడ మొలుస్తుంది, లావెక్కుతుంది,
మధ్యలో చిక్కిన గాలి గుండ్రబడి, కుంచించుకుని
దారి దొరికినంతవరకూ వెళ్ళిపోతుంది.
ఇదంతా నేను చూడలేదు. ఎవరూ చూడరు.
తలుపు బిగించిన కొలిమికి
నేను రాసుకున్న సమీకరణమే కిటికీ.

అది తొంభై ఆరు అంది.
మూడు నెలలు తొంభై ఆరే వచ్చింది.
జూన్‌లో ఒక వారం
తొంభై మూడు.
పంపు సీళ్ళ ఆర్డరు వెనక్కొచ్చింది.

థర్మోకపుల్ మార్చాం.
రేణువులు ముందే బలిసి
గాలిని లోపలే మూసేశాయేమోనని
బిళ్ళని కోసి, నున్నగా సానపట్టి చూశాను. లేదు.
చివరికి ఉత్తేజన శక్తిలో
ఒక అంకె కాస్త జరిపాను.
గీత బుద్ధిగా ఒంగి తొంభై మూడు మీద వాలింది.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఖాజావలి బిళ్ళని చెవి దగ్గర పెట్టుకుని
చిటికెన గోటితో కొట్టాడు.
"ఖంగుమనట్లేదు మేడమ్. నానుస్తోంది.
అచ్చు నింపిందెవరు?"

సువార్తమ్మ సెలవులో ఉంది.
తాడికొండలో కూతురి కాన్పు.
కొత్త కుర్రాడు పోస్తాడు, గీస్తాడు, నొక్కుతాడు.
ఆవిడైతే
పోశాక అచ్చుని అరచేత్తో తడుతుంది,
కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి,
కాసేపాగి, ఏదో విన్నట్టు, ఇంకొకటి.
ఏడాదిగా ఆ చప్పుడు పక్కనే కూర్చుని
నేను లెక్కలు కట్టాను.

పదకొండో రోజున వచ్చింది, మనవరాలి ఫోటోతో.
ఆ మూడు దెబ్బల సంగతి అడిగితే నవ్వింది.
"లెక్కేముందమ్మా,
మానిక కుదిపి బియ్యం కొలవమూ? అంతే."

నా నోటుబుక్కులో మొదటి పేజీ, మొదటి వాక్యం:
తొలి సాంద్రత అంతటా సమానం అనుకుందాం.
"అనుకుందాం" కింద ఎర్ర గీత గీశాను.
ఆవిడ చేతికి ఏ అక్షరం పెట్టాలో
ఇంకా తేలలేదు.

ఇప్పుడు మళ్ళీ తొంభై ఆరు.
ఖాజావలి చెవికి ఖంగుమంటోంది.
ఆ మిగతా నాలుగూ
ఎవరి సెలవులో ఉన్నాయో మరి.